దానయ్య మొక్క

అమ్మకు,

తార్నాక నుంచి సుష్మ నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా, నా గొంతు ఒక్కటి తప్ప. మొన్న డిపార్ట్‌మెంట్ మీటింగులో అరిచి అరిచి పోయింది. కర్నూలులో నువ్వూ, తమ్ముడు కిరణ్ వాళ్ళూ బాగున్నారని తలుస్తాను.

కొత్త మొక్కకు లాటిన్ పేరెందుకని అడిగావు. లోకమంతా ఒప్పుకున్న పద్ధతి. నాకూ ఒళ్ళుమండే పద్ధతే. కానీ ఆ భాషలో విశేషణం తమాషాగా ఉంటుంది. తెల్లగా ఉంటే మగపేరు పక్కన ఆల్బస్, ఆడపేరు పక్కన ఆల్బా, రెండూ కానిదాని పక్కన ఆల్బమ్. మనకో? ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది! ఆడమనిషినీ వస్తువునీ ఒకే గాట కట్టిన వ్యాకరణం మనది. వాళ్ళు కనీసం వేరే రూపమైనా ఇచ్చారు. మనుషుల పేర్లనూ ఇలాగే విశేషణాలు చేస్తారు. మన మొక్క పేరులో మొదటి మాట, అంటే దాని ఇంటిపేరు, ఆడపేరు కాబట్టి, నాన్న పేరు కలిపి 'గంగాధరియానా' అంటామని నీకు మాటిచ్చాను.

ఆ మాట తప్పానమ్మా.

క్యాంపస్ వెనక మడుగులో ఆ మొక్కను మొదట చూసింది మా ఫీల్డ్ అసిస్టెంట్ దానయ్య. మోకాటిలోతు బురదలో దిగి తెచ్చిందీ అతనే. నేను గట్టున గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఎండబెట్టి అట్టకు అంటించాక, చీటీలో 'సేకరించినవారు' అన్నచోట నా పేరు రాసేశాను. ఇక్కడ అందరం అలాగే రాస్తాం. పనిచేసేవాళ్ళ పేర్లు చెరిపేస్తున్నారని పత్రికల్లో ఇరవయ్యేళ్ళుగా నిప్పులు చెరిగేదాన్ని, నేనే!

దానయ్య చీటీ చూసి నవ్వాడు. "మేడం, మీరు బురదల ఎప్పుడు దిగిన్రు? చెప్పులు సుత తడవలే గదా!"

"తప్పయింది దానయ్యా, మారుస్తా."

"పోనీయుండ్రి. ఇరవై రెండేండ్ల సంది గంతే గదా."

కోపంగా అని ఉంటే జవాబిచ్చేదాన్ని. మామూలుగా అన్నాడు. చీటీ మార్చి, వ్యాసంలో 'దానయ్యానా' అని రాసి సోమవారం పంపేశాను. అచ్చయ్యాక ఆ పేరు నేను కూడా మార్చలేను. నిన్ను ముందు అడగలేదు. అడిగితే నువ్వు నాన్న ఫొటో వైపు చూసేదానివి, నేను మెత్తబడేదాన్ని.

నిన్న లాలాపేట్‌లో వాళ్ళింటికి వెళ్ళి చెప్పాను. దానయ్య భార్య ప్రమీలమ్మ మొక్క ఫొటోను అటూ ఇటూ తిప్పి చూసింది. "గింతేనా? కూర వండుకోవచ్చా మేడం?"

"ఏయ్, నన్నే వండుతవా?" అన్నాడు దానయ్య. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

నీకు కోపం వస్తుంది. రావాలి కూడా. ఎంతైనా తిట్టు, పడతాను. మార్చమని మాత్రం అడగకు.

ఇట్లు,
మాట తప్పి కూడా హాయిగా ఉన్న నీ కూతురు,
సుష్మ