సాంచాల సప్పుడులో

అవ్వా,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి ఈ రోజుకు ఏడాది. కరెంటు పోతే మన సిరిసిల్ల వీధిలో అందరూ విసుక్కునేవారు, నువ్వు ఒక్కదానివే సంతోషపడేదానివి. గోడవతల సాంచాల షెడ్డులో మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. "రా బిడ్డా, గిప్పుడు ఆయన మాట ఇనబడ్తది" అని నన్ను నీ పక్కన మోకరింపజేసేదానివి.

ఇప్పుడు కరెంటు పోవడమే లేదు. ఈ ఏడాదంతా దేవుడు నాకు దగ్గరగా ఉన్నట్టే అనిపించలేదు. ఆ నిశ్శబ్దం లేకనే అనుకున్నాను.

పొద్దున ఆ షెడ్డు నడిపే పక్కింటి రాజన్న వచ్చి, "చెల్లే, అవ్వ యాదిల గంటసేపు సాంచాలు బంద్ పెడ్త, ప్రార్థన చేస్కో" అన్నాడు.

"నీకు నష్టం గాదానె అన్నా?"

"ఉన్నన్ని దినాలు కరెంటు పోవాల్నని మొక్కి మొక్కి నన్ను ముంచింది ముసల్ది. గీ గంటకేమైతది" అని నవ్వాడు.

మగ్గాలు ఆగాయి. నీ చాప పరిచి మోకరించాను. ఎంత చెవి పెట్టినా, పక్కన నీ ఊపిరి లేదన్నదే తెలిసింది. ప్రార్థన సాగలేదు.

గంట కాగానే మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ మోతలో ఎవరికీ వినబడదని గొంతు విప్పి ఏడ్చాను. "ప్రభువా, మా అవ్వ లేదు" అన్నాను. ఏడాదిగా ఆయనతో ఆ మాట అనలేదు. అన్నాక, ఆయన నా పక్కనే ఉండి విన్నాడని తెలిసింది.

"ఇగ బంద్ పెట్టకు అన్నా" అని రాజన్నకు చెప్పి వచ్చాను. రేపు సాంచాలు మొదలయ్యే వేళకే చాప పరుస్తాను.

నీ బిడ్డ