అమ్మ వేపకు మంచినీళ్ళు

నాయనా,
విరుదునగర్ బండికి పోతున్నాను. అన్నం పొయ్యి పక్కన మూతపెట్టి ఉంది. సాయంత్రం మున్సిపాలిటీవారు కొత్త వేపమొక్కను తెస్తారు. ఎండిన పాత మొక్క పక్కనే మన వీధివారు గుంత తవ్వి ఉంచారు. దానికి బిందెలోని తాగునీళ్ళే పోయాలి, నూలుకు రంగు అద్దగా మిగిలిన నీళ్ళు వద్దు. అమ్మ నాటిన మొక్కను ఆ రంగునీళ్ళే చంపాయి. అమ్మ పోయాక, ఈ కరువులో చుక్క కూడా వృథా కాకూడదని రోజూ నీవే వాటిని ప్రేమగా పోశావు. అందుకే ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు. "మీ నాయన వేపచెట్టుకూ చీరరంగు అద్దుతాడా ఏమే?" అని పక్కింటి కమలమ్మాళ్ అత్త నవ్వితే, నేనూ నవ్వి, లోపలికి వచ్చి ఏడ్చాను.
సంగవి

మరిచాను: పాత మొక్కను వారు పెరికే ముందు, దాని ఊతకర్రకు అమ్మ కట్టిన పసుపునూలును విప్పి ఉంచు. కొత్తదానికి నీ చేతితోనే కట్టు, నాయనా.