ముందు నేను వినాలి

1981 నవంబరు, గురువారం రాత్రి
న్యూజెర్సీ

సాయంత్రం హాస్పిటల్ నుంచి వస్తూ, కింది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే మిసెస్ రోజెన్‌కి బీపీ చూడడానికి ఆగాను. స్టెతస్కోపు తీయగానే చెయ్యి చాపింది.

"ఆగు డాక్టర్, ముందు నేను వినాలి."

పెద్దావిడ చాదస్తమనుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. యుద్ధకాలంలో తను పెరిగిన యూదుల అనాథాశ్రమంలో అదే పద్ధతట. దాన్ని నడిపే డాక్టరుగారు ముందు తన గుండె చప్పుడు పిల్లలకి వినిపించి, ఆ తర్వాతే వాళ్ల ఒంటి మీద చెయ్యి వేసేవారట. ఈవిడని ఎవరో దూరపు చుట్టం వచ్చి తీసుకుపోయింది. మిగతా పిల్లల్ని నాజీ సైనికులు రైలెక్కించినప్పుడు, ఆయన్ని వదిలేస్తామన్నా వినకుండా పిల్లలతోనే ఎక్కారట. ఒక్కరూ తిరిగి రాలేదు.

"ఆయన మొహం మర్చిపోయాను. ఆ చప్పుడు మాత్రం మర్చిపోలేదు" అంది.

స్టెతస్కోపు ఆవిడ చేతికిచ్చాను. స్వెట్టర్ గుండీ విప్పి ముందుకి వంగాను. ఆవిడ కళ్లు మూసుకుని, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, చాలాసేపు వింది. ఈ దేశం వచ్చాక నన్నెవరూ అలా పట్టుకోలేదు. ఇంకాసేపుంటే ఏడ్చేస్తానేమోనని భయమేసి లేచి నిలబడ్డాను.

"బీపీ నార్మల్‌గా ఉందండీ" అన్నాను.

"రేపు కూడా వస్తావా?"

"వారానికోసారి చెక్ చేస్తే చాలు" అనేసి గబగబా మెట్లెక్కాను. ఎందుకలా అన్నానో.

తలుపు వేసుకున్నాక గుర్తొచ్చింది, అసలు బీపీ చూడనేలేదు. నా స్టెతస్కోపు ఇంకా ఆవిడ చెవుల్లోనే ఉంది.