డైరెక్టులో పెట్టిన మోటరు

పెనుకొండ దగ్గర నుంచి
సోమవారం, పొద్దున

నా తమ్ముడు సామేలుకు, మీ అక్క రూతమ్మ ప్రభువు పేరట వందనాలు చెప్పి రాయునది. ఆయన కృప వల్ల ఇక్కడ మేమిద్దరం ప్రాణాలతో ఉన్నాము. అక్కడ అమ్మ, నువ్వు, మరదలు, పిల్లలు క్షేమమని తలుస్తాను. అమ్మకు మోకాళ్ల నొప్పి ఎట్లుంది? తైలం అయిపోయి ఉంటే ఈ ఉత్తరం తెచ్చిన మీ బావతో చెప్పు, పోయేటప్పుడు కదిరిలో కొని పంపిస్తాడు.

ఒక మాట ముందే రాస్తాను. ఈ ఉత్తరం చదివి ముగించేదాకా బోరు దగ్గరికి పోవద్దు. చెనిక్కాయకు ఒక తడి ఆలస్యమైతే పైరు చావదు. స్టార్టరు తప్పించి ఇచ్చిన డైరెక్టు తీసెయ్యమని నిన్న ఫోన్లో చెప్తే నవ్వినావు. "మూడు నెలల నుంచి డైరెక్టులోనే నడుస్తా ఉండాది కదక్కా, నన్నేం చేసింది?" అన్నావు. అందుకే రాసి పంపుతున్నాను.

మేము ఈ రిసార్టులో పనికి వచ్చి మూడు నెలలు దాటింది. ఎండ మన తనకల్లు ఎండే. గాలి మాత్రం ఎక్కువ. రోడ్డు మీద లారీల మోత ఆగదు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు సంగటి అడుగుతారు. చేసి పెడితే ముద్దకు ఫోటో తీసుకుని సగం వదిలేస్తారు. ఆదివారాలు రద్దీ, గుడికి పోయేదానికి లేదు. గిన్నెలు తోముతూ పాడుకుంటాను. మాట్లాడే మనిషి లేడు. అయినా బాగానే ఉన్నాము, అమ్మ దిగులు పడొద్దు.

ఇక్కడ స్విమ్మింగ్ పూల్ ఉందని చెప్పినాను కదా. దాని నీళ్లు తిప్పే మోటరు మీ బావ చూసుకుంటాడు. పోయిన వానల తర్వాత ఆ మోటరు వేస్తే బోర్డులో బ్రేకరు పడిపోవడం మొదలైంది. మొదట అరగంటకు ఒకసారి. మీ బావ నీళ్లు వడకట్టే జాలీ బుట్ట తీసి ఆకులూ వెంట్రుకలూ కడిగినాడు. మోటరు ఇరుసు చేత్తో తిప్పి చూసినాడు, బాగానే తిరిగింది. మళ్లా వేస్తే పది నిమిషాలకే పడింది. తర్వాత వేసీ వెయ్యకనే పడేది. నాలుగు రోజులకు నీళ్లు పచ్చబడినాయి. శనివారం రెండు కుటుంబాలు పిల్లల పుట్టినరోజుకు వస్తున్నారని, "మీరు ఏం చేస్తారో నాకు తెలియదు, నీళ్లు తెల్లగా ఉండాలి" అని మేనేజరు సారు చెప్పి పోయినాడు.

మన ఊర్లో వోల్టేజి తగ్గి స్టార్టరు పడిపోతే ఏం చేస్తారో మీ బావ ఇక్కడా అదే చేసినాడు. బ్రేకరు తప్పించి వైర్లు కలిపి డైరెక్టు ఇచ్చినాడు. మోటరు రెండు రోజులు ఆగకుండా నడిచింది. నీళ్లు తేటపడినాయి. మేనేజరు సారు భుజం తట్టినాడు. నేనూ సంతోషపడినాను, దాచను.

శనివారం పొద్దున నేను పూల్‌లోకి దిగే మెట్ల పక్కన ఉండే స్టీలు కమ్మీని తడిగుడ్డతో తుడుస్తున్నాను. కాళ్లకు చెప్పులు లేవు. చేతిలో చీమలు పాకినట్టు జుమ్మంది. చెయ్యి తీసి మళ్లా పెట్టినాను. మోచేతి దాకా వచ్చింది. మీ బావకు చెప్తే, "రెండు దినాల నుంచి నిద్ర లేదు నీకు, నరాలు లాగుతాండాయి" అని పోయినాడు. నేనూ కాసేపు అంతే అనుకున్నాను. ప్రార్థన చేసుకున్నాను. చేసుకున్నా భయం పోలేదు.

పది గంటలకు కార్లు వచ్చినాయి. అయిదుగురు పిల్లలు గాలి ట్యూబులు నడుముకు వేసుకుని పూల్ వైపు పరుగు. నేను వంటింటి నుంచి బోర్డు గదికి ఎట్ల పోయినానో గుర్తు లేదు. మెయిన్ దించేసి బోర్డుకు వీపు ఆనించి నిలబడినాను. ఫ్యాన్లు, ఏసీలు అన్నీ ఆగిపోయినాయి.

మేనేజరు సారు వచ్చి ఎవరు ఆపిందని అడిగినాడు. నేనే అన్నాను. పైకి ఎత్తమన్నాడు. ఎత్తను అన్నాను. అంతలో మీ బావ వచ్చినాడు.

"ఏం చేస్తాండావే? పని పోగొడితే మళ్లా యాడికి పోదాం?"

"పోతే పోనీ. కరెంటు నేనే వేస్తా. వేసినాక నువ్వు పొయ్యి ఆ కమ్మీ పట్టుకో. నీకేం కాకపోతే పిల్లోళ్లు దిగుతారు."

అనేసినాను గానీ, పౌరుషానికి పోయి నిజంగా పట్టుకుంటాడేమోనని నాకే భయమైంది. ఆయన కమ్మీ వైపు చూసినాడు. కదల్లేదు. మేనేజరు వైపు తిరిగి, "వద్దు సార్. బ్రేకరు తప్పించి నేనే డైరెక్టు ఇచ్చినా" అన్నాడు.

మధ్యాహ్నం హిందూపురం నుంచి ఎలక్ట్రీషియన్ వచ్చినాడు. మోటరు వైర్లు విప్పేసి బ్రేకరు వేస్తే నిలబడింది. మళ్లా కలిపితే పడింది. లోపం మోటరులోనే అన్నాడు. మూత విప్పితే లోపలంతా తడి. సీలు అరిగి నీళ్లు దిగి, కరెంటు మోటరు ఒంటికి, అక్కడి నుంచి నీళ్లకూ కమ్మీకీ పాకుతోంది. ఆ కరెంటును భూమిలోకి దించే ఎర్తు వైరు ఎప్పుడు ఊడిందో ఎవరూ చూడలేదు. "బ్రేకరుకు ఏ రోగమూ లేదమ్మా, దాని పని అది చేసింది" అన్నాడు. మోటరు విప్పి హిందూపురం తీసుకుపోయినాడు. ఓనరు వచ్చి మమ్మల్ని ఏమంటాడో ఇంకా తెలియదు.

ఆ పూట మీ బావ అన్నం ముట్టలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పిలిస్తే ఒక్క మాట అన్నాడు. "మనం వచ్చే ముందర సామేలు బోరుకు డైరెక్టు ఇచ్చింది కూడా నేనే కదా."

నిన్న నీకు ఫోన్ చేసింది అందుకే. నువ్వు నవ్వితే ఆయన పక్కనే ఉండి విన్నాడు. మేనేజరును అడిగి ఒక దినం సెలవు తీసుకుని మీ దగ్గరికి బయల్దేరినాడు. ఎందుకు వచ్చినాడో ఆయన నోటితో చెప్పడు, కాబట్టి నేను రాసినాను. నువ్వూ అడగొద్దు, ఎగతాళి చెయ్యొద్దు. ముందు కడుపుకు ఇంత పెట్టండి. లైన్‌మ్యాన్‌ను పిలిచి ట్రాన్స్‌ఫార్మరు ఆపించినాకనే ఇద్దరూ చేనికి పోండి. చెప్పులు వేసుకోండి. ఆ వైరు మీ బావనే తీయనీ. మళ్లా స్టార్టరు పడితే పడనీ, మెకానిక్కును పిలుచుకో.

ఆయన తిరిగి వచ్చేటప్పుడు నా కీర్తనల పుస్తకం ఇచ్చి పంపు. అమ్మ పాదాలకు నా వందనాలు, నన్ను దీవించమని చెప్పు. పాస్టరయ్యగారికీ వందనాలు. మరదలికి, పిల్లలకు నా ముద్దులు. నీ చేతుల కష్టాన్ని, ఆ చేతులను ప్రభువు కాపాడును గాక.

వైరు తీసిన వెంటనే ఫోన్ చెయ్యి. మీ బావ చేత చెప్పించొద్దు. నువ్వే మాట్లాడు, నీ గొంతు వినాలి నాకు.

ఇట్లు,
మీ కొరకు ప్రార్థించే అక్క,
రూతమ్మ