చిట్టి ఎందుకు రానంటోంది

మైపాడు,
మే 6.

ప్రియమైన అక్కకు,

దుర్గ రాస్తున్నాను. నేనూ చిట్టీ బాగానే ఉన్నాం. నువ్వు ఫోన్ చేస్తే 'తర్వాత మాట్లాడతా' అని పెట్టేశానని కోపం తెచ్చుకోకు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, చిట్టి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. దానికి మాట వినపడకపోయినా నా కనుబొమ్మ కదిలితే పట్టేస్తుంది. తన సంగతే మాట్లాడుతున్నానని తెలిస్తే ఆ పూట అన్నం ముట్టదు. కాగితం మీద రాస్తుంటే మాత్రం చీటీపాట లెక్కలనుకుని వదిలేస్తుంది. అందుకని ఇక ఉత్తరాలే.

నువ్వడిగిన దానికి జవాబు రాస్తున్నాను. ఇక్కడి బడిలో ఏడో తరగతి అయిపోయింది. హెడ్మాస్టరు పిలిపించి, "హైస్కూల్లో చేరిస్తే ఊరికే బెంచీ మీద కూర్చోని వస్తాదమ్మా. నెల్లూరులో చెవిటి పిల్లలకని బడి ఉండాది, హాస్టలు గూడా ఉండాది. ఆడ చేర్పించు, పదో తరగతి దాకా చెప్తారు" అన్నాడు. నువ్వూ అదే పాట పాడుతున్నావు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో.

నా మాట కూడా విను. పుట్టినప్పటి నుంచీ దాని చేతులు చూసి మాట్లాడుతున్నది నేను. సొరచేపకీ, దొంగపిల్లికీ, పక్కింటి రమణమ్మ నోటికీ కూడా మా ఇద్దరికీ గుర్తులున్నాయి. ఆ బడిలో వేరే చేతి భాష నేర్పుతారట. రెండేళ్ళు అక్కడుండి వచ్చి నా ముందు చేతులాడిస్తే నేనెవరిని పిలిపించుకుని అర్థం చేసుకోవాలి? కట్టుకున్న మనిషిని సముద్రం మింగింది, ఒళ్ళు కూడా ఇవ్వలేదు. ఉన్న ఒక్క పిల్లకూ నన్ను పరాయిదాన్ని చెయ్యమంటావా?

పైగా చిట్టే రానంటోంది. హాస్టలు ఫోటో చూపిస్తే వాకిట్లో రెండు చేతులతో గుంజ పట్టుకుని కూర్చుంది. లాగినా లేవలేదు. దానికి నేనంటే అంత ప్రాణం. నేను హైస్కూల్లోనే చేర్పిస్తాను. పిల్ల బెంచీ మీద కూర్చుంటే కూర్చోనీ, సాయంత్రానికి ఇంటికొస్తుంది కదా.

బావను అడిగానని చెప్పు.

నీ మొండి చెల్లెలు,
దుర్గ


బిట్రగుంట,
మే 14.

ప్రియమైన దుర్గకు,

కామమ్మక్క దీవెనలు. ఉత్తరం చదివి మీ బావ నవ్వాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది. రమణమ్మ నోటికి గుర్తు పెట్టారు సరే, మరి నువ్వు చేపలమ్మడానికి పోయిన పూట ఆ పిల్లకు కడుపునొప్పి వస్తే ఎవరికి చెప్పుకుంటుంది? రేపోమాపో పెద్దమనిషి అవుతుంది. ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ఏ గుర్తుతో ఎవరికి చెబుతుంది? ఊరంతటికీ నువ్వొక్కదానివే అర్థం చెప్పాలంటే నువ్వు నూరేళ్ళు బతకాలి. ఒకవేళ బతికినా ఆ పిల్ల నీకంటే ఎక్కువ కాలం బతకదా?

పోయిన నెల మీ బావ స్టేషన్లో డ్యూటీలో ఉండగా సెలవులకు ఇళ్ళకు పోతూ ఆ హాస్టలు పిల్లలు ప్లాట్‌ఫారం మీద రైలు కోసం నిలబడి ఉన్నారట. ఒకరి చేతులు ఆగితే ఇంకొకరివి మొదలు. ఏదో జోకు వేసుకుని కడుపు పట్టుకుని నవ్వుతున్నారట. "మన చిట్టి అట్లా నవ్వంగా ఎప్పుడన్నా చూసినామా?" అని అడిగాడు నన్ను. నువ్వు చెప్పు, చూశావా?

పరాయిదానివైపోతావని భయపడుతున్నావు. నేను మీ బావను చేసుకుని బిట్రగుంట వచ్చినప్పుడు మన అమ్మ కూడా అట్లాగే ఏడ్చింది. ఇప్పుడు నీకు పరాయిదాన్నా, చెప్పు?

చేర్చమని బలవంతం చెయ్యను. ఒక్కసారి పిల్లను తీసుకెళ్ళి చూపించు. పెద్దదాన్ని చెబుతున్నాను, వినాలి.

చిట్టికి పాలకోవా పంపిస్తున్నాను, సగం నువ్వే తినేయకు.

నీ మేలు కోరే
అక్క


మైపాడు,
జూన్ 3.

అక్కా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. చదివితే నీకే తెలుస్తుంది.

నీ మాట కాదనలేక నిన్న చిట్టిని ఆ బడికి తీసుకెళ్ళాను. ఎవాంజెలిన్ గారని హాస్టలు చూసే టీచరమ్మ చిట్టిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పేరేమిటి, ఏం తింటావు, ఏమిష్టం అని సైగలతో అడిగింది. అన్నింటికీ నేనే జవాబు చెప్పాను. చిట్టి చెయ్యి లేచేలోపే నా నోరు లేచింది. నాలుగు ప్రశ్నలయ్యాక ఆమె మెల్లగా, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. బిడ్డ నాదైతే బయట కూర్చోవలసింది నేనా? అయినా పోయి వరండాలో కూర్చున్నాను.

సెలవుల్లోనూ హాస్టల్లోనే ఉండే డెబోరా అని పదో తరగతి పిల్ల వచ్చి చిట్టి పక్కన చేరింది. ఆ పిల్లకూ వినపడదు. కిటికీలోంచి చూస్తున్నాను. మొదట చిట్టి గోడకు అతుక్కుపోయింది. తర్వాత వేళ్ళు, కళ్ళు, చాక్‌పీసు, నేల మీద బొమ్మలు. అంతసేపు అది నాతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదక్కా. బావ చూసిన నవ్వు కాదు గానీ దాని మొహంలో ఏదో విప్పుకున్నట్టు కనిపించింది. నాకు సంతోషంగానూ ఉంది, కుళ్ళుగానూ ఉంది.

టీచరమ్మ బయటకొచ్చి ఏమందో తెలుసా?

"బిడ్డకి ఈ బడి నచ్చిందమ్మా. కానీ వాళ్ళ నాయన ఊరి నుంచి వచ్చిందాకా ఇల్లు వదిలి రానంటా ఉంది. తను ఇంట్లో లేకపోతే ఆయన వచ్చి తిరిగి ఎల్లిపోతాడంట. ఎప్పుడొస్తాడమ్మా మీ ఆయన?"

లోపల నేల మీద బొమ్మ ఉంది. ఒక బస్సు, సంచీ పట్టుకుని మీసాలున్న మనిషి, వాకిట్లో గుంజ పట్టుకుని ఒక పిల్ల. నేను నా మీద ప్రాణమనుకున్నాను చూడు.

'వస్తాడు' అన్నట్టు తలూపి పిల్లను లాక్కుని బస్సెక్కాను.

అక్కా, నువ్వు దానికి చెప్పలేదా? ఆయన పోయాడని మద్రాసు కాశిమేడు రేవు నుంచి కబురొచ్చిన రోజే చిట్టిని నీ వెంట పంపాను. కర్మకాండలన్నీ అయ్యేదాకా నీ దగ్గరే ఉంది. తిరిగొచ్చినప్పుడు ముడుచుకుని ఉంది, తండ్రి ఊసెత్తలేదు. పెద్దమ్మ ఎలాగో చెప్పిందిలే, పాపం పిల్లకు తెలిసిపోయింది అనుకున్నాను. తర్వాత ఎప్పుడైనా పెదవి మీద వేలితో మీసం గీసి నా వైపు చూసేది. గుర్తొచ్చి అడుగుతోందనుకుని నేను కళ్ళు తుడుచుకుని తలూపేదాన్ని. వస్తాడా అని అడుగుతుంటే వస్తాడని చెప్పానన్నమాట, నాలుగేళ్ళు!

దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఏటా ఆయన సంచీ తగిలించుకుని మద్రాసు పడవల మీద పనికి పోయి నెలల తర్వాతే కదా వచ్చేవాడు. నా మెళ్ళో తాళి లేకపోతే చేపల వేట నిషేధం రోజుల్లో ఎప్పటిలాగే బ్యాంకులో తాకట్టు పెట్టాననుకుని ఉంటుంది. బిడ్డ జడుసుకుంటుందని అత్త నన్ను బొట్టు మాననివ్వలేదు. ఆయన ఫోటోకు దండ వేయడానికి నాకే మనసు రాలేదు. పోయినేడు అత్త పోతే చిట్టి పక్కనే కూర్చుని చల్లబడిన కాళ్ళు పట్టుకుని చూసింది. తండ్రిని అట్లా చూడలేదు కదా.

నువ్వు చెప్పావో లేదో రాయి. వెంటనే రాయి.

దుర్గ


బిట్రగుంట,
జూన్ 7.

దుర్గా,

నేను చెప్పలేదు.

నువ్వు చెప్పే పంపావనుకున్నాను. ఇక్కడున్నన్నాళ్ళూ అది వాకిట్లోనే కూర్చునేది. తండ్రి కోసం దిగులుపడుతోందని ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. తెలిసిన దానికి మళ్ళీ చెప్పి ఏడిపించడం దేనికనుకున్నాను. మైపాడు బస్సెక్కించేటప్పుడు ఒకసారి అనిపించింది, ఈ పిల్లకు పూర్తిగా తెలుసా అని. తల్లి ఉంది కదా, చూసుకుంటుందిలే అనుకున్నాను. ఎలా చెప్పాలో నాకేం తెలుసు? ఆ గుర్తులు మీ ఇద్దరివే కదా, ఇంకెవరికీ నేర్పలేదు కదా నువ్వు!

కోపంలో రాసేశాను. కొట్టెయ్యకుండా ఉంచుతున్నాను, చదువుకో.

జరిగిందేదో జరిగింది. ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. బడి తెరిచే రోజులు. ఇన్నాళ్ళకు చెబితే పిల్ల ఏమైపోతుందో తెలియదు. తిండి మానేస్తే, మంచాన పడితే, ఏడాది పోతుంది. నాన్న నేరుగా హాస్టలుకే వస్తాడని చెప్పు. సంతోషంగా చేరుతుంది. నలుగురు స్నేహితులు కుదిరాక, కాస్త ఊహ తెలిశాక, ఆ బడివాళ్ళే మెల్లగా చెబుతారు. ఇది పాపం కాదు. పాపమైతే సగం నాది.

అక్క


మైపాడు,
జూన్ 22.

ప్రియమైన అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేశాను. మీసం గీసి, హాస్టలు ఫోటో చూపించి, వస్తాడన్నాను. ఎంత సులువుగా నమ్మిందో! గంతులేసింది. నేను సర్దకముందే ట్రంకుపెట్టె తనే సర్దుకుంది. ఆ రాత్రి నాకు కూడా అంతా సర్దుకున్నట్టే అనిపించింది, అబద్ధమెందుకు.

పోయిన వారం హాస్టల్లో టీచరమ్మ సామాను సరిచూడటానికి పెట్టె తెరిచింది. గౌన్ల మీద వాళ్ళ నాన్న గళ్ళ చొక్కా మడతపెట్టి ఉంది. వచ్చినప్పుడు మార్చుకోవడానికట. డెబోరాకు చూపించి మురిసిపోతోంది. అక్కడే చతికిలబడి టీచరమ్మతో, "ఆయన చచ్చిపోయి నాలుగేళ్ళయిందమ్మా, దీనికి తెలియదు, మీరే చెప్పండి" అన్నాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "మేం చెప్తే మీరు చెప్పినట్టు గాదు. డెబోరా తోడుంటాది, మీరే చెప్పాల" అంది.

టీచరమ్మ సైగలతో సంగతి చెబితే డెబోరా నేల మీద పడవ గీసింది. అలలు గీసింది. పడవను తిరగేసింది. చిట్టి నా వైపు చూసింది, ఇదేం ఆట అన్నట్టు. ఇక మిగిలింది నా వంతు. అత్త గుర్తు చూపించాను. అత్త పడుకున్నట్టు పడుకుని కళ్ళు మూశాను. లేచి, మీసం గీసి, మళ్ళీ పడుకుని కళ్ళు మూశాను. మూసిన కళ్ళు తెరవాలంటే ఎంత భయమేసిందో నీకు చెప్పలేను.

తెరిచేసరికి చిట్టి నా కాళ్ళు పట్టుకుని చూస్తోంది. అత్తవి చూసినట్టే.

అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఎప్పుడు అని అడిగింది. డెబోరా నాలుగు వేళ్ళు చూపించింది. తర్వాత చిట్టి నా గుండె మీద గుచ్చినట్టు వేలు పెట్టింది, నీకు తెలుసా అని. తలూపాను. అత్త గుర్తు చూపించింది, అవ్వకి తెలుసా అని. తలూపాను. ఆఖరికి తన ముక్కు పట్టుకుంది. అది నీ గుర్తక్కా, నీ ముక్కుపుడక. పెద్దమ్మకి కూడా తెలుసా అని. దానికీ తలూపాను.

అప్పుడు రెండు చేతులతో నన్ను కొట్టింది. కొట్టనిచ్చాను. కొట్టి కొట్టి అలిసిపోయి, పెట్టె మూసి, డెబోరా చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది. గడప దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి, వెళ్ళిపో అన్నట్టు చెయ్యి విసిరింది. నన్ను ఎవరూ అలా పొమ్మనలేదు ఇంతవరకూ.

చిట్టి బళ్ళో చేరిందని నలుగురికీ చెబుతావేమో, చెప్పుకో. కానీ నీకు నిజం తెలియాలి. నేను ఆ బడిని ఎంచి చేర్పించలేదు, నువ్వు నచ్చచెబితేనూ చేరలేదు. నా ఇంటికి రావడం ఇష్టం లేక అక్కడ ఉండిపోయింది. ఆదివారం పోతే కిటికీలోంచి చూసి లోపలికి పోయింది. అన్నం తింటోందని, డెబోరా పక్కనే పడుకుంటోందని టీచరమ్మ చెప్పింది. తల్లులకు కూడా వాళ్ళ చేతి భాష నేర్పుతారట, వారానికోసారి. పేరు రాయించాను. ముందు ఏం నేర్పమంటావమ్మా అంటే, తప్పయిపోయిందని చెప్పడం నేర్పండన్నాను.

వచ్చే ఆదివారం నువ్వు రా. బావ వద్దు, నువ్వొక్కదానివే. నేను గేటు బయట ఉంటాను. నువ్వు లోపలికి పోయి దానికి కనబడు. కోవాలూ అవీ తేవద్దు. దగ్గరకు లాక్కోవద్దు. తెలిసి ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. నా మీద నెట్టకు, నీ మీద వేసుకోకు. ఇద్దరం కలిసి చెప్పలేదని చెప్పు, సైగలకు టీచరమ్మ సాయం ఉంటుంది. కొడితే కొట్టనీ.

ఎదురుచూస్తుంటాను.

నీ చెల్లెలు
దుర్గ