పెడల్ మీది కాలు

మార్చి 4

కేబుల్ మళ్లీ తెగింది. ఇంజిన్ వెనక ఉండే కారుకు ఇదే రోగం. యాక్సిలరేటర్ పెడల్ ముందు, కార్బురేటర్ ఆ చివర. మధ్యలో అంత పొడుగు తీగ వంకర్లు తిరుగుతూ పోవాలి. తుప్పు పడుతుంది, పోగులు లేస్తాయి, తెగుతుంది. తీగ పీకేసి ఆయిల్ పెడదామని ఎప్పుడో చెప్పాను. పెడల్ దగ్గర ఒక చిన్న సిలిండర్, కార్బురేటర్ దగ్గర ఇంకొకటి, మధ్యలో సన్నపైపు నిండా బ్రేక్ ఆయిల్. ఇక్కడ తొక్కితే అక్కడ రాడ్ బయటికి వస్తుంది, థ్రాటిల్ తెరుచుకుంటుంది, ఇంజిన్ వేగం అందుకుంటుంది. తెగేదేమీ లేదు.

బావమరిది ఒప్పుకోలేదు. కారు వాడిది. ఇంజినీరు బావా, కారుకు కుళాయి బిగిస్తావా అని షెడ్డులో అందరి ముందూ నవ్వేవాడు. ఆసుపత్రి మంచం మీద కూడా అదే మాట. ఈ చలికాలం పోయాడు. కారు వాడి కూతురిదైంది. ఈసారి నా మాటే నెగ్గుతుంది.

మార్చి 6

మేనకోడలు వచ్చి వెళ్లింది. ఏప్రిల్ ఒకటిన ఉద్యోగంలో చేరాలట. కొండల మీద ఆసుపత్రి, నర్సు పని. వేళగాని వేళ డ్యూటీ, బస్సులు ఉండవు. దారిలో కేబుల్ తెగితే ఒక్కదాన్నే ఏం చేయను మావయ్యా అంది. తండ్రి మొండితనం రాలేదు ఈ పిల్లకు. నీ కారుకు తెగడమన్నది ఉండదు పో అన్నాను. అన్నానంటే చేస్తాను.

మార్చి 11

పైపు వేశాను. ఎగ్జాస్టుకు దూరంగా తిప్పాను. వేడికి ఆయిల్ ఉబ్బితే ఎవరూ తొక్కకుండానే ఇంజిన్ రేగుతుంది. అలాంటి తప్పు నేను చేయను. మోకాళ్లు మొరాయించాయి. మా ఆవిడ వేడినీళ్ల కాపడం పెడుతూ తిట్టింది.

మార్చి 13

ఇక పైపులో గాలి తీయాలి. బుడగ మిగిలితే పెడల్ మెత్తగా దిగిపోతుంది, అక్కడ రాడ్ కదలదు. ఇది ఇద్దరి పని. ఒకడు సీట్లో కూర్చుని పెడల్ తొక్కాలి. ఇంకొకడు వెనక సిలిండర్ మీది నిపుల్ మర విప్పి గాలి పోనివ్వాలి. ఇంజిన్ మూత లేపితే ముందున్న మనిషి కనబడడు. అంతా నోటిమాట మీదే. తొక్కు. పట్టు. వదులు.

బ్రేకులకైనా క్లచ్చులకైనా ఇన్నేళ్లూ తొక్కింది బావమరిదే. వెధవ, ఒక్కసారి చెబితే వదిలేవాడు కాదు. వదులు అంటే ఉలకడు పలకడు. వదలరా అని రెండోసారి అరిపించుకుని అప్పుడు కాలు తీసేవాడు. చెవుడు కాదు, పొగరు.

మా ఆవిడను వచ్చి తొక్కమన్నాను. తమ్ముడి సీట్లో నేను కూర్చోను అంది.

మార్చి 14

ఒక్కణ్ణే మొదలుపెట్టాను. నిపుల్‌కు గొట్టం తగిలించి సీసాలో ముంచాను. పెడల్ నొక్కి, కర్ర అడ్డం పెట్టి, వెనక్కి నడిచి, నిపుల్ విప్పి బిగించి, మళ్లీ ముందుకొచ్చి కర్ర తీయడం. పొద్దుటినుంచి గానుగెద్దులా తిరిగాను.

మధ్యాహ్నం ఓపిక అయిపోయి, నిపుల్ విప్పి ఉండగానే వెనక బంపర్ దగ్గర కూలబడ్డాను. నోటి అలవాటు కొద్దీ తొక్కు అన్నాను. సీసాలో బుడగలు వచ్చాయి.

కర్ర నా ఒళ్లోనే ఉంది.

మార్చి 15

నిన్నటిది పైపులో మిగిలిన గాలి అయి ఉంటుంది. ఒక్కోసారి దానంతటదే తన్నుకొస్తుంది. ఇవాళ అసలు సంగతి తేల్చుకుందామని నిపుల్ బిగించి, రాడ్ మొన మీద బొటనవేలు ఆనించి, తొక్కు అన్నాను.

రాడ్ నా వేలిని తోసింది.

వదులు అన్నాను. వెనక్కి పోలేదు. వేలి కింద గట్టిగా నిలబడి సన్నగా అదురుతోంది, బిగబట్టిన పిక్క అదిరినట్టు. వదలరా అన్నాను.

వదిలాడు.

ముందుకు వెళ్లి చూశాను. ఎవరూ లేరు. సీటు నడిమి గుంట మెల్లగా పైకి లేస్తోంది.

మార్చి 16

షెడ్డుకు పోలేదు.

మార్చి 17

అంతా విప్పాను. సిలిండర్లలో వాషర్లు బాగున్నాయి. ఆయిల్ వెనక్కి వచ్చే రంధ్రం మూసుకుపోలేదు. పైపు ఎక్కడా నొక్కుకోలేదు. స్ప్రింగ్ కొత్తది. నా పనిలో లోపం లేదు. ఉంటే బాగుండేది.

మళ్లీ బిగించి గాలి తీశాను. ఎవరు తొక్కారో రాయను. కాసేపట్లో పని అయిపోయింది, ఒక్క బుడగ లేదు. ప్రతిసారీ రెండోసారి చెప్పించుకున్నాడు. తిట్టాను. వాడు పోయాక ఇంత నోరారా ఎవర్నీ తిట్టలేదు. ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మార్చి 19

గాలి తీయడం ఎప్పుడో అయిపోయింది. అయినా పోయి కూర్చుంటున్నాను. తొక్కు, వదులు, వదలరా. అదే మా కబుర్లు.

మా ఆవిడ టీ తెచ్చి షెడ్డు గుమ్మంలో ఆగిపోయింది. నేను వెనక ఉన్నాను, ఆమెకు కారు ముందు భాగం కనబడుతుంది. పెడల్ దిగడం చూసింది. గ్లాసు నేల మీద పెట్టి వెళ్లిపోయింది.

అన్నాల దగ్గర అంది. "ఇకమీద ఆ సీట్లో పిల్ల కూర్చుంటుంది. వాణ్ణి దింపండి."

సొంత కూతురిని వాడేం చేస్తాడే అన్నాను. చేయాలని చేయడు, కానీ ఏనాడైనా ఆపమన్నప్పుడు ఆపాడా అంది.

మార్చి 22 ఆదివారం

మేనకోడలు నడిపింది. నేను పక్కన కూర్చున్నాను. కారు వెన్నలా పోయింది. కాలు ఆనిస్తే చాలు ఇంజిన్ పలుకుతోంది. మావయ్యా, ఇంత మెత్తగా ఎప్పుడూ లేదు అంది. నా ఛాతీ ఉబ్బింది. అదీ రాసుకోవాలి.

వంతెన దిగే చోట రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. పిల్ల బ్రేక్ తొక్కింది. వెనక ఇంజిన్ మాత్రం తగ్గలేదు. బ్రేకులతో పెనుగులాడుతూ కారును ముందుకే తోస్తోంది. యాక్సిలరేటర్ వదులు అన్నాను.

"కాలు తీసేశాను మావయ్యా."

కిందికి చూశాను. దాని కాలు పెడల్ మీద లేదు. పెడల్ మాత్రం నేలకు ఆనుకుని ఉంది.

వదలరా, నీ కూతురురా అని అరిచాను. పెడల్ లేచింది. ఇంజిన్ దిగింది. చివరి గొర్రె బంపర్‌ను రాసుకుంటూ పోయింది. గొర్రెలవాడు మా ముందు తరాలన్నిటినీ తలుచుకున్నాడు.

పిల్ల ఇంజిన్ ఆపింది. రెండోసారి ఎవరితో అన్నావు మావయ్యా అని అడిగింది. కారుతో అన్నాను. నాన్న కూడా కారుతో మాట్లాడేవాడు అని నవ్వబోయింది.

మార్చి 23

రెండుసార్లు చెబితే వదులుతాడని పిల్లకు చెప్పొచ్చు. ఆ కొండ మలుపుల్లో రెండోసారి చెప్పే వ్యవధి ఉంటుందా.

వాడికి చెడ్డ బుద్ధి లేదు. పరాచికం. బతికినన్నాళ్లూ అంతే.

మార్చి 26

పెడల్‌తో సహా ఆయిల్ పద్ధతి మొత్తం పీకేశాను. కొత్త పెడల్, కొత్త కేబుల్ వేశాను, కేబుల్ తొడుగు నిండా గ్రీజు పెట్టాను. వెనక కూర్చుని తొక్కు అన్నాను. ఏమీ లేదు. మళ్లీ అన్నాను. గుమ్మంలో మా ఆవిడ నిలబడి చూసింది. చివరికి, నీదే గెలుపు, కేబులే వేశాను, తొక్కరా అని కూడా అన్నాను. కేబుల్ కదల్లేదు. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి పోయింది.

మార్చి 30

మేనకోడలు కారు పట్టుకుపోయింది. మళ్లీ కేబులేమిటి, ఆ పద్ధతి తీసేశావేం అని అడిగింది. నాకు చేతకాలేదమ్మా అన్నాను. ఆ మాట నా నోటివెంట రావడం ఇదే మొదలు. అయితే నాన్నే గెలిచాడన్నమాట అంది. అవును అన్నాను. డిక్కీలో రెండో కేబుల్ పెట్టాను. ఎలా మార్చాలో దాని చేతే రెండుసార్లు మార్పించి చూశాను. తండ్రికంటే చెయ్యి చక్కగా తిరుగుతుంది.

ఏప్రిల్ 2

క్షేమంగా చేరానని మేనకోడలు ఫోన్ చేసింది. కొండ దారిలో బండి బుద్ధిగా నడిచిందట.

షెడ్డు ఖాళీగా ఉంది. పీకేసిన పెడల్, సిలిండర్లు, పైపు గోనెసంచిలో ఉన్నాయి. పారేయమంది మా ఆవిడ. సరే అన్నాను.

ఏప్రిల్ 5

బల్లకు ఈ చివర పెడల్, ఆ చివర రాడ్ బిగించాను. రాడ్‌ను వెనక్కి లాగడానికి కొత్త స్ప్రింగ్ పెట్టాను. పైపు నిండా ఆయిల్ పోశాను. పెడల్ ముందు స్టూలు వేశాను.

ఏప్రిల్ 6

నిన్న సాయంత్రం తొక్కు అన్నాను. వదులు అని ఒక్కసారే అన్నాను. తలుపు వేసి వచ్చేశాను.

పొద్దున చూశాను. రాడ్ ఇంకా బయటికే ఉంది.