పగిలిన రివాల్వర్ బాపు చేతికిచ్చారు

కొడకండ్ల, దసరా మర్నాడు

పగిలిన రివాల్వర్ అని తెలిసీ మా ఊరి పటేల్ దాన్ని మా బాపు చేతికిచ్చి పేల్పించాడు. బాపు కుడిచేతికి ఇప్పుడు రెండే వేళ్లున్నాయి.

ప్రతి దసరాకూ జమ్మి పూజ అయ్యాక పటేల్ తన తాతల నాటి రివాల్వర్లు ఒక్కొక్కటే గాల్లోకి పేలుస్తాడు. వాటిని తుడిచి నూనె పెట్టేది నేనే. ఆ పని ఎవరూ నేర్పలేదు, ఫోన్లో చూసి నేర్చుకున్నాను. నిన్న పొద్దున ఒకదానికి తూటాలు పెట్టే చక్రం మీద వెంట్రుకంత పగులు కనపడితే వెంటనే పోయి చెప్పాను.

"పటేలా, గిది పేల్చకుండ్రి. చేతులనే పగుల్తది."

"నువ్వెప్పుడు ఇంజినీరైనవురా?" అని నవ్వాడు.

సాయంత్రం మంచివన్నీ తనే పేల్చాడు. అదొక్కటి మిగిలాక బాపును పిలిచాడు. "మల్లయ్యా, ముప్పై ఏండ్ల సంది నా దగ్గర చేస్తున్నవ్, ఈసారి నువ్వు గూడ ఒకటి పేల్చు." బాపు మురిసిపోయి, చెప్పులు విడిచి అందుకున్నాడు. నేను జనాన్ని తోసుకుని వచ్చేలోపే పేలింది.

అంటే నా మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే తను ముట్టలేదు. నేను నోరు మూసుకుని ఉంటే...

దవాఖానలో పోలీసులకు మాత్రం పటేల్, దాన్ని బాపే దొంగతనంగా తీశాడని చెప్పాడు. చూసిన ఊరంతా తల వంచుకుంది. "ఊకో బిడ్డా, మనతోని ఏమైతది" అంటాడు బాపు. నిజంగానే ఏమీ కాదేమో. అయినా రేపు పటేల్ వాకిట్లో నిలబడి అడుగుతాను: పటేలా, ఎల్లుండి పొద్దుగూకేలోపు ఠాణాకొచ్చి, అది నీ చేత్తోనే ఇచ్చినవని చెప్పు.